ముఖం వద్దు, తలుపు కావాలి

మా అత్త నన్ను ఎవరికి పరిచయం చేసినా ఒకటే మాట అంటుంది: "మా కోడలు పేపరోళ్ల మనిషి. దీని నోట్లో నువ్వుగింజ నానదు." అది పొగడ్తో తిట్టో నాకు ఇన్నేళ్లయినా తేలలేదు. ఒడిశాలోని రాయగడలో మా వీధంతా ఆంధ్రా నుంచి వచ్చిన కుటుంబాలే. మగవాళ్లలో సగంమంది రైల్వే, ఆడవాళ్లలో చాలామంది మున్సిపాలిటీలో వీధులు ఊడుస్తారు. మా అత్తదీ అదే పని. నేను ఒక తెలుగు పేపరుకు ఇక్కడి వార్తలు పంపుతుంటాను. ఈ కథలో మాత్రం ఎవరి పేరూ రాయను. అది అత్త పెట్టిన షరతు.

ఒక వార్త మా ఇంట్లోనే పుట్టింది. ఒకరోజు అత్త పని నుంచి వచ్చి, అన్నం ముట్టకుండా మూతి ముడుచుకుని కూర్చుంది. చీపుర్లు, తోపుడుబళ్లు పెట్టే షెడ్డులోనే ఆడవాళ్లు పని చీర విప్పి ఇంటి చీర కట్టుకోవాలి. ఆ షెడ్డుకు ద్వారబంధం ఉంది గానీ తలుపు లేదు, గోనెపట్టా వేలాడుతుంటుంది. ఆ రోజు గాలికి పట్టా లేచిపోయింది. బయట చెత్త లారీ దగ్గరున్న మగవాళ్లు నవ్వారు.

"రాసెయ్యే అమ్మీ," అంది అత్త. "మేమెలాటి కొంపలో సీర మార్సుకుంటన్నామో ఊరందరికీ తెలియాల. కానీ నా మొకం మాత్రం పేపర్లో పడకూడదు."

"ఎందుకత్తా?"

"మా అన్న సూత్తాడు."

ఆ అన్న బొబ్బిలి పక్క పల్లెలో వడ్రంగి. తన చెల్లెలికి మున్సిపాలిటీలో ఉద్యోగమని ఊరంతా గొప్పగా చెప్పుకుంటాడు. ఆయన ఊహలో ఆమె ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆ కుర్చీ వేసింది ఆయనే. ఈవిడ తీసేయమని ఎప్పుడూ చెప్పలేదు. ఇంటిగుట్టు లంకకు చేటని అందుకే అన్నారు కాబోలు, మా ఇంట్లో గుట్టుకూ వార్తకూ ఒకే చూరు.

ఒకసారి కోరాపుట్‌లో మాలాంటి విలేకరులకు మానవ హక్కుల మీద తరగతులు పెట్టారు. రాయడం మీ హక్కు, దాచుకోవడం వాళ్ల హక్కు, రెండూ ఎదురుపడినప్పుడు తూచి చూడాలి అని ఒక లాయరమ్మ చెప్పింది. భోజనాల తర్వాత కునుకు పట్టి మిగతాదంతా పోయింది గానీ, ఒక్క ప్రశ్న మిగిలింది. ఈ వార్తకు ఆ ముఖం అవసరమా?

అవసరం లేదు. తలుపు లేదని చెప్పడానికి ఆ ఖాళీ ద్వారబంధం చాలు. కానీ మా డెస్కులో పెద్దమనిషి ఒప్పుకోడే! "ముఖాలు లేకపోతే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మీ ఇంట్లో స్నానాల గదికి తలుపుందని నేను ఫొటో చూసే నమ్మానా?" అని ఫోను పెట్టేశాను. కాసేపటికి ఆయనే ఫోన్ చేసి, వెనకనుంచి తీయమన్నాడు.

అధికారి అభిప్రాయం కూడా కావాలి కదా, అత్తను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆయన ఒడియాలో తొణక్కుండా జవాబిచ్చాడు. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు పేపర్లో ఎలా వేస్తారు, అది వాళ్ల ప్రైవసీ, ఫొటో తీయడానికి వీల్లేదు అన్నాడు. నేను నేర్చుకొచ్చిన మాటతో నా నోరే మూయించాడు! అంతలో అత్త సగం ఒడియా, సగం మన భాష కలిపి అందుకుంది.

"ఆజ్ఞా, బాబూ, మాక్కావాల్సింది ఆ ప్రైవసీయే కదా! ఇన్నాళ్లూ దాన్నెక్కడ దాసేరు? ఓ తలుపేయించండి. అప్పుడు ఫొటో తీద్దారన్నా ఏటీ కనపడదు."

ఆయనకూ నవ్వొచ్చింది. మాకు టీ తెప్పించి, ఫొటో బయటినుంచి తీసుకోండి, తలుపు సంగతి చూస్తాం అన్నాడు.

ఫొటో రోజున చూడాలి ఆ సంబరం! పేపర్లో పడేది వీపులే అయినా పాత చీరలు కట్టుకుంటారా? ఒక్కొక్కరూ కొప్పులో కనకాంబరాలు, అమ్మవారి పండగ చీరలు. మా వీధిలో ఏటా పండగకి ఆడవాళ్లందరూ ఒకే రంగు, ఒకే అంచు చీరలు తీసుకుంటారు. పుట్టింట్లో వదినకి కూడా అందులోంచే ఒకటి పెడతారు. ఆ ఏడాదివి చిలకపచ్చ చీరలు, వంకాయరంగు అంచు. అందరూ ద్వారబంధం ముందు అటు తిరిగి నిలబడ్డారు. అత్త అలవాటుగా ఎడమచెయ్యి నడుం మీద వేసుకుంది. ఒక్క ముఖమూ పడలేదని నేను మురిసిపోయాను.

వార్త వచ్చింది. షెడ్డుకు కొత్త గోనెపట్టా వచ్చింది. సాయంత్రానికి అత్తకు అన్న ఫోనూ వచ్చింది.

"అమ్మీ, ఆ సీర మీ వదిన కట్టుకున్నదే కదా? నడుం మీద సెయ్యి నీదే కదా?"

అత్త నడుం మీది చెయ్యి గబుక్కున దించేసింది. అవతల ఫోను పెట్టేశాడు.

అత్త గోడకు జారగిలబడింది. "అయిపోయింది. నాకింక పుట్టిల్లు నేదు," అంది. అంతలోనే నావైపు చూసి, "నిన్నేటననే. మొకం ఒద్దన్నాను గానీ సీర ఒద్దన్లేదు కదా," అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే రైల్వేలో పనిచేసే మా ఆయన స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల మేనమామ పాసింజరు దిగాడట, చంకలో తలుపుతో. తలుపుకి టిక్కెట్టేదని అడిగిన టీటీతో పోట్లాడుతున్నాడట. "నాను నిలబడే వచ్చేను. నా సీట్లో అది కూకుంది, సరిపోనేదా?" అంటున్నాడట.

అది ఆయన తన కొత్త గదికి చేసుకున్న తలుపు. నేరుగా షెడ్డుకు తెచ్చాడు. అధికారి వచ్చి చూసి, పట్టుకోవడానికి తానూ ఒక చెయ్యి వేశాడు. తలుపు కాస్త పెద్దదైంది. పెద్దాయన చిత్రిక పడుతుంటే, రాలిన పొట్టు ఆడవాళ్లు పరాచికాలాడుతూ ఊడ్చారు. అత్త మాత్రం చీపురు వీపు వెనక దాచుకుని దూరంగా నిలబడింది. ఆయన ఆఖరి మేకు కొట్టాకే తలెత్తాడు.

"ఊడ్సీ పనైతే ఏటే? దొంగతనమా? నీ అన్న వడ్రంగోడు. నీకు తలుపు నేదన్న కబురు నాకు పేపర్లో తెలియాలా?"

అత్త చీపురు వదిలేసి ఆయన భుజం మీద పడి బావురుమంది. ఆయనా ఏడ్చాడు. అంత మంచి ఫొటో నా జన్మలో దొరకదు. నా చెయ్యి దానంతటదే ఫోను పైకెత్తింది.

అత్త కన్నీళ్లలోంచే చూసింది. "ఇది నీ పేపరుకి కాదే," అంది. అన్నను చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాగి, నా ముఖం మీదే తలుపు వేసి గొళ్లెం పెట్టుకుంది.

బయట ఆడవాళ్లు ఈలలు, చప్పట్లు. వార్త పోయినందుకు అంత ఆనందపడ్డ రోజు నాకు ఇంకోటి లేదు. అయినా బుద్ధి ఊరుకోక చెవి ఆనించి చూశాను. పెద్దాయన పని గట్టిది. ఒక్క మాటా బయటికి రాలేదు.