బాలమణి చూసిన ఆకు

ఆరేళ్ళ పైన ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరిగాను. అన్నం దిగేది. నిద్ర పట్టేది. నవ్వేవాణ్ణి కూడా. మాట మాత్రం అక్కడే ఉండేది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళయితే నన్ను వెనకేసుకొస్తారు, 'ఏదో జరిగిపోయిందిలే' అంటారు. నాకది వద్దు.

నేను చేసింది ఇది. నిజం చెప్పిన మనిషిని అందరి ముందూ అబద్ధాలకోరును చేశాను. ఆమె కనిపెట్టినదాన్ని నా పేరున రాసుకున్నాను.

మాది కోస్తా, పొగాకు పండే పల్లె. చదువు ముగించి, మేడ్చల్‌లో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకుని, శామీర్‌పేట దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో పనిచేసేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా పని ఏమిటో చెబుతాను. కొన్ని పొగాకు మొక్కల్లో ఆకు పండి ఆరే వేళ నికోటిన్ మరో పదార్థంగా మారిపోతుంది. క్యాన్సర్ తెచ్చే విషాల్లో ఒకటి దాన్నుంచే పుడుతుంది. ఆ మార్పు చేయించే జన్యువు ఒకటుంది. దాని నోరు నొక్కాలి. అంతే. పొగాకు మంచిదైపోతుందని నేనెప్పుడూ అనలేదు. పొగ పొగే. కానీ మానలేనివాడి ఒంట్లోకి పోయే విషాల్లో ఒక్కటైనా తగ్గితే? ఆ ఒక్కదాని కోసం నాలుగేళ్ళు కష్టపడ్డాను.

బాలమణి మా గ్లాస్‌హౌస్‌లో రోజుకూలి. చెరువు పక్క ఊరు, చేపలు పట్టే ఇంటి కోడలు. నలభై ఏళ్ళుంటాయి. కుండీలకు నీళ్ళు పోయడం, ఆకు కోయడం, వేడిగదిలో కర్రలకు కట్టి ఆరబెట్టడం ఆమె పని. చిన్నప్పుడు వాళ్ళ అవ్వకు చుట్టలు చుట్టిపెట్టేదట. ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఇది రేపటికి ఎండుతుంది, ఇది ఎల్లుండికి అనేది. తప్పేది కాదు.

మా ఆశంతా పదిహేడో ట్రే మీద ఉండేది. లేత మొక్కలప్పుడు చేసిన పరీక్షలో అదొక్కటే నిలబడింది. కుండీల్లోకి మార్చి పెంచాక దాన్నొక్కదాన్నే మళ్ళీ పరీక్షించాం. అదే పదిహేడు ఈసారి, అంతకుముందు మిగతావి ఇచ్చినట్టే, చెడ్డ ఫలితం ఇచ్చింది. నాలుగేళ్ళ పని పోయింది. మొక్కలన్నిటినీ కాల్చేయమని కాగితం రాసి, సంతకం పెట్టి డైరెక్టర్‌గారికి పంపాను. ఆ మర్నాడు పొద్దున బాలమణి నన్ను వేడిగదిలోకి పిలిచింది.

"సారూ, అన్ని ఆకులకు ఎండంగనే ఎర్రమచ్చలు వడుతున్నయి. గీ పద్నాలుగుకు ఒక్క మచ్చ లేదు. నాలుగు దినాలసంది జూస్తున్న. గిదేంది?"

ఆకు చేతిలోకి తీసుకున్నాను. నిమ్మపండు పసుపు. చివర నుంచి తొడిమ దాకా ఒక్క ఎర్ర చుక్క లేదు. ఆ ఎర్రమచ్చ మేం ఆపాలనుకున్న మార్పుకు గుర్తు. పుస్తకంలో చదివిందే. అయినా నాలుగేళ్ళలో ఒక్కసారీ ఎండిన ఆకును కళ్ళతో చూడలేదు, యంత్రం ఇచ్చే అంకెలనే చూశాను. పద్నాలుగుకు మచ్చ ఎందుకు లేదు? అప్పుడు గుర్తొచ్చింది. మొక్కలను కుండీల్లోకి మార్చిన రోజు తొందరలో పదిహేడో ట్రే చీటీలు పద్నాలుగో దానికి, పద్నాలుగో దానివి పదిహేడుకు గుచ్చింది నేనే. ఇంకెవరి చెయ్యీ పడలేదు.

అంటే మా మొక్క గెలిచింది. వేరే పేరుతో నిలబడి నాలుగు రోజులుగా మా ముందే పచ్చగా ఆరుతోంది. ఆ సంతోషాన్ని ఇప్పటికీ తక్కువ చేసి చెప్పలేను. గట్టిగా నవ్వాను. బాలమణి కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

అప్పుడే డైరెక్టర్‌గారి గదికి వెళ్ళి 'చీటీలు నేనే మార్చేశాను' అని ఉంటే అయిపోయేది. పెద్ద తప్పు కూడా కాదే. మరి ఎందుకు వెళ్ళలేదు? సంతకం పెట్టిన కాగితం వెనక్కి అడగడానికి సిగ్గు. అంత చిన్న సిగ్గు. మధ్యాహ్నం కాల్చేస్తారు. ఆరు కుండీలు తీసి పంపుగది వెనక పెట్టమని బాలమణికి చెప్పాను. రెండు రోజులే, ఎవరికీ చెప్పకు అన్నాను. ఈలోగా చాటుగా మళ్ళీ పరీక్షించాలని నా ఆలోచన. మార్పు చేసిన మొక్కను గ్లాస్‌హౌస్ గడప దాటించకూడదు. ఆ నియమం నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

మర్నాడే తనిఖీవాళ్ళు వచ్చారు. కుండీలు దొరికాయి. డైరెక్టర్‌గారి గదిలో ఆరుగురం. బాలమణి గుమ్మం దగ్గర నిలబడింది.

"సారే పెట్టమన్నడు" అంది. ఆమె గొంతులో భయం లేదు. నిజం చెప్పేవాళ్ళకు ఎందుకుంటుంది?

డైరెక్టర్‌గారు నా వైపు తిరిగారు. "నిజమేనా?"

"కాదు సార్. నాకు తెలియదు."

"సారూ, నా మొకం జూసి జెప్పు."

చూడలేదు. బల్ల మీది కాగితాలు సర్దాను.

ఆ రోజే ఆమెను పంపించేశారు. మొక్కలు బయట అమ్ముకోవడానికి దాచిందని నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది. నేను పుట్టించలేదు ఆ మాటను. ఆపనూ లేదు.

ఆ ఆరింటినీ నాశనం చేసే ముందు పరీక్షించాలని తనిఖీవాళ్ళే అన్నారు. ఫలితం వచ్చింది. ఆ విషానికి మూలమైన పదార్థం దాదాపు లేనట్టే. వాటిని కాల్చడం ఆపేశారు. కేంద్రమంతా పండగ. జన్యువును బట్టి అవి పదిహేడో ట్రేవని తేలింది. మరి పద్నాలుగు చీటీ ఎలా వచ్చిందని అడిగితే, కూలివాళ్ళు చీటీలు కలిపేసి ఉంటారన్నాను. ఒక అబద్ధం చెప్పినవాడికి రెండోది ఎంత సులువో. నాకు పదోన్నతి వచ్చింది. శాలువాలు కప్పారు. ఆ మొక్క పిల్లలు, పిల్లల పిల్లలు అన్నీ మచ్చలేకుండా ఆరాయి. చూసిన ప్రతిసారీ పొంగిపోయాను, ప్రతిసారీ ఆ గుమ్మం గుర్తొచ్చింది. రెండూ నిజమే. దొంగిలించినవాడికి సంతోషం ఉండదంటారు. ఉంటుంది. అదే అసలు శిక్షేమో.

ఈ ఏడాది కేంద్రం వార్షికోత్సవానికి 'ఆ మొక్క ఎలా దొరికింది' అని నన్ను రాసి చదవమన్నారు. కూర్చున్నాను. అబద్ధం ఒక్క కొట్టివేత లేకుండా ఒక పేజీ వచ్చేసింది. అది చూసి భయపడ్డాను. చించేశాను. రెండో పేజీ మొదలుపెట్టడానికి మూడు రోజులు పట్టింది. దాని మొదటి వాక్యం: 'ఈ మొక్కను కనిపెట్టింది బాలమణి.'

సభలో అదే చదివాను. చీటీల సంగతి, పంపుగది సంగతి, నా 'తెలియదు' సంగతి. చప్పట్లు లేవు. కొత్త డైరెక్టర్‌గారు ఇదంతా రాతలో ఇస్తారా అన్నారు. అక్కడే సంతకం పెట్టి ఇచ్చాను. ఇప్పుడు నా మీద విచారణ నడుస్తోంది. ప్రాజెక్టు తీసేసుకున్నారు. ఆ సంతకం పెడుతున్నప్పుడు నా చెయ్యి ఎంత నిబ్బరంగా ఉందో చెబితే నమ్మరు.

సభ నుంచి నేరుగా చెరువుకట్టకు వెళ్ళాను. కరీంనగర్ రోడ్డు వారగా ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేపలు అమ్ముతున్నారు. మూడో గంప బాలమణిది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది, చేప కోస్తూనే ఉంది. నిలబడే చెప్పాను, మొత్తం. ఈసారి మొహం చూసి చెప్పాను.

విన్నది. కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. తర్వాత అటూ ఇటూ కూర్చున్నవాళ్ళను కేకేసింది. "ఇగో, జర ఇటు రాండ్రి. గీ సారు ఏమంటున్నడో ఇనుండ్రి." నా వైపు తిరిగి, "మళ్ళ జెప్పు. గట్టిగ జెప్పు, బస్సుల సప్పుడుల ఇనవడతలేదు" అంది.

మళ్ళీ చెప్పాను. అరిచి చెప్పాను. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు ఆగి విన్నారు. ఒక ముసలామె ఆలస్యంగా వచ్చి ఏందని అడిగితే ఆమెకోసం మూడోసారి చెప్పించింది. బాలమణి నడుం మీద చేతులు పెట్టుకుని, గెలిచిన మనిషి నిలబడ్డట్టు నిలబడింది. గెలిచింది కూడా. ఆ గెలుపు చూడటానికి నాకూ కాస్త చోటు దొరికింది.

క్షమించమని అడగబోయాను. "గది నన్నడగకు సారు. నా కాడ లేదు" అని, ఎదురుచూస్తున్నాయనకు రవ్వ చేప తూచింది.

మేడ్చల్ షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్నాయన, ఎందుకు సార్ అట్ల నవ్వుకుంటున్నరు అని అడిగాడు. ఆయనకూ మొదటి నుంచీ చెప్పాను.