పెద్దమ్మ అడిగిన విచారణ

మా పెద్దమ్మ కోర్టు ఎదురుగా ఒక ఇరుకు గదిలో ముప్పై ఏళ్లుగా అర్జీలు టైపు చేస్తోంది. ఒకప్పుడు మిషను, ఇప్పుడు కంప్యూటరు. వేళ్లు మాత్రం ఇప్పటికీ మేకులు దిగ్గొడుతున్నట్టే పడతాయి. వచ్చినవాళ్ల ఏడుపంతా ఓపిగ్గా విని, "సరే, ఏ తారీకున జరిగింది?" అని అడిగి ఒక పేజీకి కుదిస్తుంది. ఉదయం ఆరింటి పూజకు చర్చికి వెళ్లకుండా ఆ గది తాళం తీయడం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దమ్మ ఆఖరి చెల్లెలు, మా పిన్ని, చర్చిలో పాటల బృందం నడిపేది. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ గదికి వచ్చి, ఫోను బల్ల మీద పెట్టి, "ఇవి చదువక్కా" అంది. మా చర్చి ఫాదర్ పంపిన మెసేజీలు. మొదట్లో పాటల గురించి, తర్వాత పిన్ని వేసుకున్న బట్టల గురించి, ఆ తర్వాతవి పైకి చదవలేనివి. ముందురోజు పూజా వస్త్రాలు మార్చుకునే గదిలో తలుపు మూసి చెయ్యి పట్టుకున్నాడట. పిన్ని విదిలించుకుని వచ్చేసింది. ఆ ఆదివారానికల్లా పాటల బృందానికి వేరే మనిషిని పెట్టేశాడు.

పెద్దమ్మ ఆఖరిదాకా చదివింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, "ఏ తారీకు?" అంది.

లేఖ బిషప్ గారికి వెళ్లింది. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. రెండోది పంపింది. అప్పుడొచ్చింది అచ్చేసిన కార్డు: "మీ కోసం ప్రార్థిస్తున్నాము."

"నా కోసం దేనికి? నాకేం రోగం?" అని పెద్దమ్మ మండిపడింది. "వీధికుక్కల మీద అర్జీ పెట్టినా ఆఫీసులో ఒక నంబరు ఇస్తారు కదే! ఇక్కడ అదీ లేదు!"

మూడోది తనే పట్టుకెళ్లింది, నన్ను వెంటబెట్టుకుని. బిషప్ గారి ఇంట్లో అద్దంలా తుడిచిన గచ్చు చూస్తూ, గట్టి బల్లల మీద రెండున్నర గంటలు కూర్చున్నాం. చివరికి లోపలికి పిలిచారు. బిషప్ గారు చాలా మెత్తగా మాట్లాడే మనిషి.

"ఆయన్ని వేరేచోటికి మార్చేస్తున్నాం అమ్మా. ఇంక బయట మాట్లాడకండి, మన చర్చికి, తిరుసభ మొత్తానికి చెడ్డపేరు. క్షమించడం నేర్చుకోవాలి."

"క్షమించడం మా చెల్లెలి పనండీ, ఎప్పుడు చేస్తుందో దాని ఇష్టం. విచారించడం మీ పని. ఒక్కో చర్చి ప్రాంతాన్నీ మనం విచారణ అనే కదా అంటాం? పేరులో ఉన్నది పనిలో కూడా ఉండాలి కదండీ?"

బిషప్ గారు లేచి నిలబడ్డారు. మమ్మల్ని వెళ్లమని.

ఫాదర్‌కి వీడ్కోలు సభ ఘనంగా చేశారు. అలుపెరుగని కాపరి అని మైకులో పొగిడారు. పిన్ని చర్చికి రావడం మానేసింది. రమ్మని పెద్దమ్మ ఒక్కసారీ అనలేదు. తను మాత్రం రోజూ వెళ్తూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకా అక్కడికెందుకు పెద్దమ్మా?"

"అదేమైనా బిషప్ గారి సొంతిల్లా, గొడవొస్తే నేను ఖాళీ చేయడానికి?"

ఒక శనివారం బస్సెక్కి ఫాదర్ కొత్తగా చేరిన ఊరికి వెళ్లింది. అక్కడి మహిళా సంఘం పెద్ద ఒక నర్సు. ఆమె చేతిలో మూడు లేఖల నకళ్లూ పెట్టింది. నర్సు నిలబడే చదివి, "మా పాటల బృందంలోనూ ఆడపిల్లలున్నారండీ" అంది.

అయిదు నెలలకు నర్సు ఫోను చేసింది. అక్కడ ఇద్దరు యువతులు నోరు విప్పారు. ఈసారి అందరి లేఖలూ కలిపి పంపి, ఒక నకలు పోలీసులకూ ఇచ్చారు. వారం తిరక్కుండా ఫాదర్‌ని పూజలు చేయకుండా ఆపేశారు, కేసు నమోదైంది. పెద్దమ్మకు సంతోషం లేదు.

"మొదటి లేఖే చదివి ఉంటే ఆ ఇద్దరికీ ఈ గతి పట్టేది కాదు కదే!" అని రోజంతా గొణుక్కుంటూనే ఉంది. పిన్నికి క్షమాపణ చెబుతూ ఒక్క ముక్క రాలేదు.

ఈ ఏడు బిషప్ గారే మా చర్చికి పూజ చేయడానికి వచ్చారు. సత్ప్రసాదానికి రెండు వరసలు నిలబడ్డాయి. పెద్దమ్మది ఆయన వరసే. పక్క వరసలోకి జరగమని నేను కొంగు లాగాను, కదల్లేదు. ఆయన గుర్తుపట్టినట్టున్నారు, అప్పం పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"క్రీస్తు శరీరము."

"ఆమెన్" అంది పెద్దమ్మ, వెనక వరసలకు కూడా వినపడేలా.

వచ్చి మోకరించి, అందరూ కూర్చున్నా లేవలేదు. బయటికొచ్చాక అడిగాను, "అంతసేపు ఏం ప్రార్థించావు పెద్దమ్మా?"

"ప్రార్థనా! సగంసేపు ఆయన్ని తిట్టుకోవడానికే సరిపోయింది. ఆ తర్వాత గానీ ప్రార్థన రాలేదు" అని విసుక్కుంటూ చెప్పులు వెతుక్కుంది.