ఒక డబ్బీకి పూచీ

రామన్నపేట దగ్గరి ఆ ఊళ్లో పదేళ్లుగా ఆశా కార్యకర్తగా తిరుగుతున్న ఎస్తేరుకు జనం పెండ్లి పిలుపులిచ్చారు, చింతకాయలిచ్చారు, తిట్లూ ఇచ్చారు. పరీక్షకు పసిపిల్లల మలం అడిగితే మాత్రం ముఖం తిప్పుకుంటారు. గోళ్లో, వెంట్రుకలో, మలమో పరాయి చేతిలో పడితే బాణామతి చేస్తారని భయం. పట్నపు చదువరులు దీనికి నవ్వుతారు. పిల్లల ఊడిన పన్ను దాచేది వాళ్లే.

ఆ వానాకాలం తొమ్మిది మంది పిల్లలకు వాంతులు, విరేచనాలు. పేగుల్లో పెరిగే వైరస్ అని దవాఖానలో డాక్టర్ మమతకు అనుమానం. అది ఒంట్లో తన నకళ్లు తానే రాసుకుంటుంది, రాసేటప్పుడు అక్షరాలు తప్పుతుంది. ఒక్కో పిల్లవాడి మలంలో దొరికిన వైరస్‌లో ఏ తప్పులున్నాయో పోల్చి చూస్తే, ఇంటింటికీ పాకిందా, అందరికీ ఒకేచోట అంటిందా తేలుతుంది. ఒకేచోటంటే మురుగు మోరిలో నుంచి పోయే నల్లా నీళ్ల పైపే. రుజువు తెస్తేనే తవ్విస్తానని సర్పంచి కూర్చున్నాడు.

ఎనిమిది మంది తల్లుల కాళ్లావేళ్లా పడి మలం డబ్బీలు తెచ్చింది ఎస్తేరు. అందరికంటే ముందు జబ్బుపడింది ఈదమ్మ మనవడు. అసలు కావలసింది వాడిదే. ఈదమ్మ ఇచ్చిన డబ్బీ పరీక్షకు పోయి వచ్చాక ఎస్తేరు మళ్లీ ఆమె ఇంటికి వచ్చింది.

"అవ్వా, నువ్విచ్చిన డబ్బీల వైరస్సే లేదట. పోరనిదేనా?"

ఈదమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "మా ముసలాయనది."

"గట్లెందుకు చేసినవ్?"

"ఆయనకు డెబ్బై దాటినయ్. ఎవడు బాణామతి చేసినా ఏం గుంజుకపోతడు?"

"నాకు చెప్పకుండనే పంపింది బిడ్డా," అన్నాడు ఆమె పెనిమిటి గాలయ్య, అరుగు మీద చుట్ట కాలుస్తూ.

ఎస్తేరు తల పట్టుకుంది. "పోరడు తేరుకుంటాండు. దినాలు పోయినకొద్ది అది దొరకదు. పైపు గట్లనే ఉంటే రేపు ఇంకో పోరడు పడతడు."

"ఇస్తగని, పూచీ కావాలె. నీ బిడ్డ తలెంటుక ఒకటి నా దగ్గర వెట్టు."

"నేను ప్రార్థనకు వోయేదాన్ని. గివన్ని నమ్మనవ్వా."

"నమ్మకపోతే ఇచ్చేటందుకు నొప్పేంది?"

ఎస్తేరు విసురుగా ఇంటికి వెళ్లింది. కూతురు రూప దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకను పట్టుకున్నాక చెయ్యి ఆగిపోయింది. ఊరందరికీ పదేళ్లు చెప్పిన మాటలు తనకే సరిపోనందుకు తన మీదే మండిపడి, కాగితంలో మడిచి తెచ్చింది. ఈదమ్మ దాన్ని కొంగున ముడివేసుకొని, ఇంట్లోకి పోయి మనవడి డబ్బీ తెచ్చిచ్చింది.

దాన్ని ఐసు పెట్టెలో సర్దుకొని బండి ఎక్కిన ఎస్తేరు, గేటు దాకా పోయి ఆగింది.

"అవ్వా, చీర ఉతికేటప్పుడు ముడి జర చూసుకో."