గంగవ్వ దమ్ముకు సరిపడిన పేజీ

జగిత్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది వానాకాలంలో నేను కోరుట్లలో ఒక చిన్న ప్రెస్సులో పేజీలు డిజైన్ చేసేవాణ్ని. యజమాని తర్వాత నా మాటే చెల్లేది. ఆ పెత్తనం నాకు నచ్చేదని దాచడమెందుకు!

కథలాపూర్ నుంచి మల్లేశం, ఆయన భార్య గంగవ్వ వచ్చారు. సెలవు ముగించుకుని ఆయన వారంలో దుబాయి తిరిగి వెళ్లాలి. ఆమె పాడే వరినాట్ల పాటలు నోటుబుక్కులో రాసుకున్నాడు. వాటిని అచ్చు వేయించుకుని, అక్కడ చూసుకుంటూ అచ్చం ఆమెలాగే పాడుకోవాలని ఆయన ఆశ.

నా పద్ధతి ఒక్కటే. పేజీ ఐదంగుళాల వెడల్పు, ఏడున్నర ఎత్తు, అంటే రెండుకు మూడు. నిలువునా అడ్డంగా తొమ్మిదేసి భాగాలు చేసి గళ్లు గీస్తాను. కుట్టు పడే లోపలి అంచుకూ పైనా ఒక్కో భాగం, బయటి అంచుకూ కిందా రెండేసి భాగాలు ఖాళీ వదులుతాను. అప్పుడు అచ్చు పడే చోటు ఎత్తు సరిగ్గా పేజీ వెడల్పంత వస్తుంది. ఆ లెక్క కుదిరితే నాకు కడుపు నిండేది.

ప్రూఫ్ చూస్తూ మల్లేశం పాడాడు. మొదటి పాదం మధ్యలోనే వరుస అయిపోయి ఆగాడు. గంగవ్వ ఊరుకోలేదు.

"గక్కడ నేను దమ్ము తీసుకోను సారూ. నా పాటను ఎందుకు ఇరిసిన్రు?"

అక్షరం చిన్నది చేద్దామన్నాను.

"దుబాయిల మేముండే క్యాంపుల లైటు మసక సారూ. గా సన్న అచ్చరాలు ఏం కనవడ్తయ్?" అన్నాడు మల్లేశం. "కనవడకపోతే ఈమె నాతోని లేనట్టే."

ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ని, సిగ్గేసింది. అన్నిటికంటే పొడవైన పాదం ఏదో ఆమెనే అడిగి, కంపోజ్ చేసి, స్కేలుతో కొలిచాను. ఐదంగుళాలకు పిసరంత తక్కువ. పేజీని అడ్డంగా తిప్పాను. అదే కాగితం, అదే నిష్పత్తి, అవే తొమ్మిది భాగాలు. మూడంగుళాల చిల్లర ఉన్న అచ్చు వెడల్పు ఐదంగుళాలైంది. కుట్టు మాత్రం పొట్టి వైపుకు మారింది. సిరిసిల్ల గుడ్డతో అట్ట కట్టించాం.

ప్రయాణం రోజు పొద్దున మల్లేశం మా కౌంటరు దగ్గరే నిలబడి పాడాడు. పాదం చివర ఆగాడు. పక్కనున్న గంగవ్వ కూడా అక్కడే దమ్ము తీసుకుంది.

"ఇగ పోయిరా," అంది ఆయనతో.

ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు. తడి సిరా వాసన కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. నా నిష్పత్తి తప్పని నేను ఈరోజుకీ ఒప్పుకోను. కానీ ముప్పై ఏళ్లపాటు ముందు కాగితం కొలిచి, తర్వాత మాటల్ని అందులో ఇరికించాను. రిటైరయ్యేదాకా మిగిలిన ఆ కొద్ది ఏళ్లూ ముందు పాదాన్నే కొలిచాను.