మంచు కోసం కట్టిన కప్పు

ఆ ఊరికి వచ్చినవాళ్ళ కంట్లో ముందు పడేది సమావేశాల హాలు కప్పు. ఊళ్ళో ఇళ్ళన్నీ బుద్ధిగా ఒదిగి ఉంటే, అదొక్కటి బల్లి కూడా పట్టు తప్పేంత వాలుగా, నిటారుగా లేచి ఉంటుంది. దాని వాకిట్లో తాళాలగుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఆవిడని అందరూ తాళాలమ్మ అంటారు. హాలు తలుపులు తీయడం, చూడవచ్చినవాళ్ళకి ఊరి కథ చెప్పడం ఆవిడ ఉద్యోగం.

"మా పెద్దలు ఓడ దిగి వచ్చినవాళ్ళండీ. ఓడలో ఎవరి పక్కన ఎవరు పడుకున్నారో, ఈ వీధిలో అదే వరసలో ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడ దుప్పటి కోసం కొట్టుకున్నవాళ్ళు ఇక్కడ గోడ కోసం కొట్టుకున్నారు."

వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వు ఆగేదాకా ఆగి కప్పు చూపించేది.

"వాళ్ళ పాత దేశంలో మోకాళ్ళలోతు మంచు. ఇక్కడా పడుతుందనుకున్నారు పాపం. మంచు నిలవకుండా కప్పులు ఇంత వాలుగా వేశారు. అప్పట్నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాం, ఒక్క చిటికెడు పడితే ఒట్టు."

పెద్దలు పొరపాటు చేస్తే దాన్ని దిద్దుకోకుండా రంగులేసి నెత్తిన పెట్టుకునే ఊరది. ఇళ్ళ కప్పులైతే ఎవరికి వారు గుట్టుచప్పుడు కాకుండా దించుకున్నారు. హాలు మాత్రం గౌరవం కొద్దీ వదిలేశారు. ఆ గౌరవం కాపాడటానికి ఏటా వానలయ్యాక ఎవరో ఒకరు పైకెక్కి, జారిన పెంకులు సర్దాలి. గౌరవించేవాళ్ళెవరూ ఎక్కరు కదా. ఎక్కేవాడు తాళాలమ్మ మొగుడు.

నిరుడు కాక ముందటేడు, నాచు పట్టిన పెంకు మీద అతని కాలు జారింది. నడుముకి కట్టుకున్న తాడు తెగింది. కింద ఆవిడ ఎవరికో కథ చెబుతూనే ఉంది. వెనక చప్పుడైతే, మళ్ళీ పెంకు పడిందనుకుంది.

అంతా అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, తాళాలగుత్తి పట్టుకుని వచ్చి మళ్ళీ ఆ వాకిట్లోనే కూర్చుంది. ఏడవలేదు. గుండె రాయి చేసుకుందన్నారు జనం. ఆవిడ ఏమీ చేసుకోలేదు. తిమ్మిరెక్కిన కాలిలా లోపలంతా మొద్దుబారింది, అంతే. కూరలో ఉప్పు మర్చిపోయినా తెలిసేది కాదు. "ఉప్పేదమ్మా?" అని కూతురు అడిగితే "లేదా?" అనేది. పెద్ద విషయమైనా చిన్న విషయమైనా, ఏమడిగినా "మీ ఇష్టం" అనేది.

ఈ ఏడు హాలు అన్ని మూలలా కారడం మొదలుపెట్టింది. కప్పు దించి మామూలుగా కట్టాలా, ఉన్నదే బాగుచేయాలా అని ఊరంతా కూర్చుంది. సంఘం అధ్యక్షుడు పోయినాయనకి స్నేహితుడు.

"వదినా, ఇందులో మా మాటకంటే నీ మాట ముందు. నువ్వు దించమంటే దించేస్తాం, కిక్కురుమనేవాడు లేడు."

హాలంతా ఆవిడ నోటికేసి చూసింది.

"మీ ఇష్టం," అంది.

ఎంత పెద్ద మనసో అని చప్పట్లు కొట్టారు. కప్పు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. పెంకుల పని ఆవిడ అల్లుడికి అప్పగించారు. మామగారి దగ్గర పని నేర్చుకున్నవాడు, ఊళ్ళో మిగిలిన ఒక్క పనివాడు అతనే.

సాయంత్రం కూతురు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఒక్క మాట అనుంటే పోయేదేమిటమ్మా? ఆయన రేపు ఎక్కుతున్నారు. వద్దంటే, ఒప్పుకున్న పని ఎలా మానేది అంటున్నారు. నీకేమీ అనిపించట్లేదా?"

తాళాలమ్మ బట్టలు మడత పెట్టడం ఆపి, నిజంగానే లోపల వెతుక్కుంది.

"లేదే," అంది.

కూతురు అక్కడే కూలబడి ఇద్దరి ఏడుపూ తనే ఏడ్చింది. తల్లి మడతలు ముగించింది.

పొద్దున్నే ఒక కుటుంబం ఊరు చూడటానికి వచ్చింది. తాళాలమ్మ ఓడ గురించి చెప్పింది, ఇళ్ళ వరస గురించి చెప్పింది. కప్పు చూపిద్దామని తిరిగేసరికి, అల్లుడు నడుముకి తాడు బిగించి నిచ్చెన మీద కాలు పెడుతున్నాడు.

"వాళ్ళ పాత దేశంలో..." అని ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళని అక్కడే వదిలేసి, గబగబా నడిచి వెళ్ళి, నాలుగు మెట్లెక్కిన అల్లుడి కాలి మడమ రెండు చేతులతో పట్టుకుంది.

"వదలండి అత్తయ్యా, పడతాను!"

"దిగు."

"ఇదేమిటి వదినా," అంటూ అధ్యక్షుడు పరిగెత్తుకొచ్చాడు. "బయటివాళ్ళు చూస్తున్నారు. నిన్న అందరి ముందూ నువ్వే కదా..."

ఆవిడ అతని వైపు చూడలేదు. పట్టు వదల్లేదు. అల్లుడు ఒక్కో మెట్టూ దిగుతుంటే, చేతులు కాలి మీంచి మోకాలికి, మోకాలి మీంచి చొక్కాకి మార్చుకుంటూ పట్టుకునే ఉంది. అతను నేల మీద నిలబడ్డాక కూడా చొక్కా గుప్పిట్లో బిగించే ఉంచింది.

"భయమేస్తోంది బాబూ," అంది.

"దేనికత్తయ్యా? నేను దిగిపోయాను కదా."

ఆవిడ కప్పుకేసి చూసింది, తర్వాత అతని మొహంలోకి చూసింది.

"మీ మామయ్య పడిపోయాడు," అంది, ఆ కబురు అప్పుడే తెలిసినట్టు.