రత్నమ్మ గారి తప్పుల పుస్తకం

పొద్దున వార్డులో ఎవరో ప్లాస్టర్ చుట్టను చర్రున చింపారు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. ఖమ్మంలో ఓ ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దదిక్కును నేను. నా వయసూ హోదా చూసి, కొత్తగా చేరిన అమ్మాయిలు నాకు భయమంటే ఏమిటో తెలియదనుకుంటారు. తెలియకపోవడమేమిటి, ఈ ఉద్యోగంలో నేను మొట్టమొదట నేర్చుకున్నదే అది. నేర్పింది మా మేట్రన్ రత్నమ్మ గారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మాది సారపాక. నాన్న కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. నర్సింగు చదువు అయ్యీ అవ్వకముందే భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. ఇంట్లో అందరూ దేవునికి స్తోత్రాలు చెప్పుకున్నారు. రత్నమ్మ గారిది కుసుమంచి వైపు పల్లె. పొట్టి మనిషి, మెడలో సన్నని గొలుసు, ఎప్పుడూ కాస్త కుంటుతూ నడిచేవారు. ఆమె చెప్పుల చప్పుడు వరండాలో వినబడగానే మేమంతా దుప్పట్ల మడతలు సరిచేసేవాళ్ళం. నాకంటే ముందు పనిచేసిన ఒకావిడ మందు మార్చి ఇచ్చినందుకు ఉద్యోగం పోగొట్టుకుందని చేరిన రోజే తోటి నర్సులు చెవిలో వేశారు. పోగొట్టింది రత్నమ్మ గారు కాదని, ఆమె రాకముందున్న పెద్దలని, నాకు చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు. ఆమెను చూస్తే నాకు పులిని చూసినట్టే ఉండేది.

ఆడవాళ్ళ వార్డులో నాకది మొదటి రోజు. ఏడో నంబరు మంచం ముత్తమ్మది. లోపలి కోయగూడెం నుంచి కాలి పుండుతో వచ్చింది, షుగరు బాగా ఎక్కువ. పొద్దున టిఫినుకు ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. నేను సూది పట్టుకుని వెళ్ళేసరికి ఏడో నంబరు మీద ఒకామె దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ముత్తమ్మవు నువ్వే కదా?" అన్నాను.

"అవ్," అంది.

"షుగరు సూది ఇయ్యాలె. చెయ్యి ఇటియ్యి."

చెయ్యి ఇచ్చింది. సూది ఇచ్చాను, కాగితంలో టిక్కు పెట్టాను. ఎనిమిదో మంచం వైపు తిరిగేసరికి కింద గోడ వారన చాప మీద ఇంకో ఆడమనిషి లేచి కూర్చుని, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుంది.

"సిస్టరమ్మా, నా సూది?"

చాప మీదున్నదే ముత్తమ్మ. పుట్టి బుద్ధెరిగాక మంచం ఎక్కలేదట. ఎత్తు నుంచి పడిపోతానన్న భయంతో నేల మీద పడుకుని, తోడు వచ్చిన చెల్లెలు రాజమ్మను మంచం మీదికి పంపింది. రాజమ్మ దుప్పటి తీసింది. పక్కనే మూడు నెలల పసిబిడ్డ పాలు తాగుతోంది. ముందు రోజు సాయంత్రం నుంచి ఆమె ఏమీ తినలేదు. ఆసుపత్రి కూడు రోగికే అనుకుని అక్కకే పెట్టింది. షుగరు లేని మనిషికి, అదీ ఖాళీ కడుపున, ఆ సూది ప్రాణం తీస్తుంది.

"ముత్తమ్మవా అంటే అవ్ అన్నవేంది?" అని అరిచాను.

ఆమె బెదిరిపోయింది. "మీరు అడిగిన్రు గదా. ఈడికొచ్చినోళ్ళందరికీ సూదేస్తరనుకున్న," అంది.

వాళ్ళ గూడేనికి ఖాకీ బట్టలతో ఎవరొచ్చి ఏది అడిగినా "అవ్" అనేస్తే, వచ్చినవాడు తొందరగా వెళ్ళిపోతాడు. ఆమెకు నా తెల్లబట్టలూ అంతే. అది అప్పుడు ఆలోచించే తెలివి నాకెక్కడిది? వంటగదిలోకి పరుగెత్తి గ్లాసులో చక్కెర వేశాను, నీళ్ళు పోశాను. చెంచా తిప్పుతూ నిలబడ్డాను. ఎవరికీ చెప్పకుండా ఈ నీళ్ళు తాగిస్తే సరిపోతుందేమో అనిపించింది. నాన్న మొహం గుర్తొచ్చింది. ఊళ్ళోకి వెళ్ళి, ఉద్యోగం పోయిందని ఎట్లా చెప్పను? అక్కడ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

చివరికి గ్లాసు పట్టుకునే రత్నమ్మ గారి గదికి వెళ్ళాను. సగం నీళ్ళు దారిలో నా చీర మీదే ఒలికిపోయాయి. "అమ్మా, ఏడో నంబరుకు... వేరే మనిషికి..." అన్నాను.

ఆమె లేచారు. "ఏం మందు? ఎన్ని యూనిట్లు? ఎంతసేపైంది?" మూడే ప్రశ్నలు. "ఎవరు ఇచ్చిన్రు" అని అడగలేదు.

మేం వెళ్ళేసరికి రాజమ్మ ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది. పెదవులు వణుకుతున్నాయి, కళ్ళు తేలవేస్తోంది. ముత్తమ్మ పసిబిడ్డను ఎత్తుకుని వాళ్ళ భాషలో చెల్లెల్ని పిలుస్తోంది, పిలుస్తూనే ఉంది. రత్నమ్మ గారు నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించారు. "గ్రేసూ, చెయ్యి గట్టిగ పట్టు. ఏడుపు తర్వాత," అన్నారు నాతో. పట్టుకున్నాను. ఆ చెయ్యి మంచులా ఉంది. ఈ బిడ్డకు తల్లి లేకుండా చేశానా ప్రభువా అని లోపల ఒకటే మొర. కాసేపటికి రాజమ్మ కళ్ళు తెరిచి బిడ్డ కోసం వెతుక్కుంది. అయినా రత్నమ్మ గారు కదలలేదు. అరగంటకోసారి రక్తం చుక్క తీసి చూస్తూ, గంజి తాగిస్తూ, సాయంత్రం దాకా అక్కడే స్టూలు మీద కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. గండం గడిచిందని ఆమె చెప్పేవరకు నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అప్పుడు నన్ను తన గదికి పిలిచి, బీరువాలోంచి ఒక పుస్తకం తీశారు. మామూలు గీతల నోటుబుక్కు. అందులో ఆ ఆసుపత్రిలో జరిగిన పొరపాట్లన్నీ ఉన్నాయి. ఎవరి పేరూ లేదు. ఏం జరిగింది, ఎట్లా జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం మార్చాం, అంతే. నెలాఖరు శనివారం పొద్దున ప్రార్థన అయ్యాక అందరి ముందూ చదివేవారట. చేరి రెండు వారాలే కాబట్టి నేను ఆ పేజీల్లో ఉన్న మనుషులెవరో ఎరగను, ఎరగనక్కర్లేదు కూడా.

జరిగింది రాయమన్నారు, రాశాను. ఆమె చదివి, "సూది ఇచ్చినంక నా దగ్గరికి వచ్చేదాక మధ్యల ఎక్కడున్నవ్?" అన్నారు.

ఇక దాచలేకపోయాను. వంటగది సంగతి చెప్పేశాను. తిట్టు కోసం తల వంచుకున్నాను. ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుని, నా రాత కింద తన చేత్తో ఒక వాక్యం రాశారు. 'నర్సు మేట్రన్ దగ్గరికి రావడానికి భయపడింది, అందుకే ఆలస్యమైంది. ఇది మేట్రన్ తప్పు.' రాసి కలం మూత పెట్టారు. నేను అప్పుడు ఏడ్చాను, చిన్నపిల్లలా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

అంతకంటే పెద్ద భయం మర్నాడు వచ్చింది. రాజమ్మ భర్త సోమయ్య, ఊరి పెద్దమనుషులు నలుగురు వచ్చారు. డాక్టరు గారు మేట్రన్ గదికొచ్చి తలుపు వేసి, "ప్రాణం నిలబడింది కదా రత్నమ్మ గారూ. ఇప్పుడు చెప్పి ఊరంతా మీదికి తెచ్చుకోవడం దేనికి?" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయనకూ భయమే.

"చెప్పకపోతే ఏమైతదో నాకెరుకనే సార్," అని ఆమె నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళారు. వాళ్ళ ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. "అక్కకు ఇయ్యాల్సిన మందు మేము చెల్లెకు ఇచ్చినం. ఆమె పాణం మీదికొచ్చింది. తప్పు మా దవాఖానది," అన్నారు. సోమయ్య దవడలు బిగుసుకున్నాయి. చేతిలో కర్ర ఉంది. నేను ఆ కర్రనే చూస్తున్నాను. అతను, "మళ్ళ గిట్ల అయితదా?" అన్నాడు.

"కానే కాదని ఒట్టు పెట్టలేను బిడ్డా. కాకుండ ఏం చెయ్యాల్నో మీరే చెప్పున్రి."

వార్డు గుమ్మం దగ్గర చాప మీంచి ముత్తమ్మ అంది, "నంబరు మంచానికేసిన్రు. నాకెయ్యలేదు గద."

ఆ సాయంత్రమే రత్నమ్మ గారు మంచాల నంబర్లు తుడిపించారు. ప్లాస్టర్ ముక్క మీద పేరు, ఊరు రాసి రోగి మణికట్టుకు అతికించడం మొదలైంది. నేల మీద పడుకుంటామన్న వాళ్ళకు ఆసుపత్రే చాపలు ఇచ్చింది. "నువ్వు ఫలానా కదా" అని అడగడం బంద్. నీ పేరేంది, ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఇదే మాట, మనిషి రోజూ కళ్ళముందు తిరిగేదైనా సరే. మొదట్లో మాకు నవ్వొచ్చేది. ముత్తమ్మ అయితే నన్ను ఆటపట్టించేది, "పొద్దుగాల చెప్పిన పేరే, ఇంక మార్లే" అని.

వాళ్ళు ఇంటికి వెళ్ళిన రోజు వరండాలో టీ తాగుతూ ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, ఆ కర్ర చూసి మీకు భయం కాలేదా?"

ఆమె గ్లాసు కింద పెట్టారు. "ఉద్యోగం కొత్తల ఒక పిలగానికి ఒక సీసాకు ఇంకో సీసా తీసిన. మధ్యాహ్నానికే పోయిండు. జ్వరంతోటి పోయిండని చెప్పిన. వాళ్ళమ్మ నా కాళ్ళు మొక్కింది, మంచిగ చూసుకున్నవమ్మా అని. నడుముకు కట్టుకున్న చింతపండు మూట విప్పి నా చేతుల పెట్టి, పిలగాన్ని భుజానేసుకుని పోయింది. వాళ్ళ ఊరు నాకెరుకే బిడ్డా. ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఏటా పోదామనుకుంట. బస్సు దాక పోత, వెనక్కొస్త."

ఆమె తన గ్లాసు, నా గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

రత్నమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె చెప్పిన పని అంతా చేస్తున్నాను. మా ఆసుపత్రిలోనూ అట్లాంటి పుస్తకం ఒకటి ఉంది, అందులో నా తప్పులు కూడా ఉన్నాయి. ఒక్కటి మాత్రం రాయలేదు. ఆ రోజు వరండాలో ఆ ఊరి పేరేమిటని ఆమెను అడగాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. పేరు తెలిస్తే, ఆమె వెళ్ళలేకపోతే నేనైనా వెళ్ళి ఆ తల్లికి చెప్పాల్సి వస్తుందని భయపడి ఊరుకున్నాను.