అక్క మాట్లాడని వారం

సాయంత్రం ఆరో కుటుంబం కౌన్సెలింగ్ గదిలోకి వచ్చేసరికి, సైకాలజిస్టునైన నాకే మాట్లాడే ఓపిక లేదు. ఆ తల్లి చీర నుంచి వచ్చిన మిరపకాయల ఘాటుకు మా ఊరు దమ్మపేటలో చిన్నప్పటి అక్క గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. మిరపకోతల రోజుల్లో అక్క ఉన్నట్టుండి మాట్లాడడం మానేసింది. "దీనికేదో గాలి సోకింది," అని అమ్మ తాయెత్తు కట్టించింది. తన పెన్ను విరగ్గొట్టినందుకు నామీద అలిగిందనుకున్నాను నేను. వారం రోజులు నా బెల్లంముక్క తనకే ఇచ్చి, చివరికి ఏడ్చేశాను.

"నా మీద కోపమా అక్కా?"

"నీ మీద కాదే. మిరపకాయలు ఏరనీకి నన్ను బడి మాన్పించిండ్రు. ఎందుకు మాట్లాడతలేవని ఒక్కళ్లన్న అడిగిండ్రా?"

ఆ మాట అమ్మకు చెప్పాలని నాకు తోచలేదు. తప్పు నాది కాదన్న సంతోషంతో ఆడుకోవడానికి పరుగెత్తాను. అక్క మళ్లీ బడికి వెళ్లలేదు.